ఆగడానికి కూడా మార్కులు వేయండి

అమెరికా క్లాసిక్ కార్ల ప్రదర్శనల న్యాయనిర్ణేతలకు బహిరంగ లేఖ



మీరు కారు కిందికి వంగి టార్చిలైటు వేసి చూస్తారు. బోల్టు తల మీద గుర్తు సరైనదేనా, హోస్ క్లిప్పు ఆనాటిదేనా, ఫ్యాక్టరీలో తనిఖీ చేసినవాడు పెట్టిన రంగు చుక్క ఉండాల్సిన చోటే ఉందా అని వెతుకుతారు. అరవై ఏళ్ల నాటి వస్తువును ఇంత శ్రద్ధగా చూసేవాళ్లు లోకంలో ఎక్కువమంది ఉండరు. ఆ శ్రద్ధ మీద గౌరవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. అదే టార్చి వెలుగులో చక్రాల వెనక కనిపించే బ్రేకుల గురించి, వాటితో కలిసి పనిచేసే సస్పెన్షన్ గురించి మీతో మాట్లాడాలి.

నేను డెట్రాయిట్ శివార్లలో ఉంటూ బ్రేకుల రంగంలో పనిచేసే ఇంజనీర్ని. ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ ఊళ్లలో కార్ల కంపెనీలకూ, వాటికి విడిభాగాలు చేసే సంస్థలకూ పనిచేసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఇల్లు, పిల్లల చదువులు ఒక దారిన పడ్డాక వాళ్లలో కొందరు గరాజ్‌లో పాత మస్టాంగ్‌కో, కమారోకో చోటు చేస్తున్నారు. మీలో తెలుగు చదివేవాళ్లు తక్కువే కావచ్చు. మీ మార్కుల కాగితం చూసి ఏ కారు మంచిదో, ఏది కాదో తేల్చుకునే తెలుగువాళ్లు మాత్రం ఇక్కడ పెరుగుతున్నారు. ఈ మాట ఇద్దరి చెవినా పడాలి.

పెద్ద ఇంజన్‌తో వేగాన్ని అమ్మిన మజిల్ కార్లకు మొదలు 1964 పాంటియాక్ జీటీవో అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. పెద్ద కారుకు పెట్టాల్సిన 389 ఘనపుటంగుళాల ఇంజన్ని మధ్యరకం కారులో దింపారు. మామూలుగా 325 హార్స్‌పవర్, మూడు కార్బ్యురేటర్ల ట్రై-పవర్ తీసుకుంటే 348. మరి ఆపడానికి? నాలుగు చక్రాలకూ తొమ్మిదిన్నర అంగుళాల డ్రమ్ములు. అదనంగా డబ్బు కడతానన్నా ముందు చక్రాలకు డిస్కులు ఇవ్వడం 1967 మోడల్‌తోగానీ మొదలుకాలేదు.

ఇది తెలియక జరిగింది కాదు. డన్‌లప్ డిస్కు బ్రేకులు పెట్టుకున్న జాగ్వార్ సి-టైప్ లెమాన్ పందెం గెలిచింది 1953లో. స్టూడిబేకర్ అవాంటీ 1963 మోడల్‌కే ముందు డిస్కులు అందరికీ ఇచ్చింది. 1965 కార్వెట్‌కు నాలుగు చక్రాలకూ డిస్కులే. కానీ మజిల్ కారు అమ్ముడుపోయింది పావుమైలును ఎన్ని సెకన్లలో దాటుతుందన్న లెక్క మీద. ఎన్ని అడుగుల్లో ఆగుతుందని షోరూములో అడిగినవాళ్లు తక్కువ. అందుకే 1965 మస్టాంగ్‌లో ముందు డిస్కులు విడిగా కోరుకున్నవాళ్లకే దక్కాయి. మిగతావాళ్లకు ఆరు సిలిండర్ల కారయితే 9 అంగుళాల డ్రమ్ములు, వి8 అయితే 10 అంగుళాలవి. షెవ్రొలే కంపెనీ 1969 కమారోకు నాలుగు చక్రాల డిస్కులను జేఎల్8 అనే ఆప్షన్‌గా పెడితే, అవి పెట్టించుకుని బయటికొచ్చిన కార్లు 206 మాత్రమే. ఇవాళ ఆ కారు ఎక్కడైనా కనిపిస్తే మీరంతా చుట్టూ చేరతారు. ఆనాడు కొనేవాళ్లు వద్దనుకున్న బ్రేకే ఈనాడు అపురూపమైంది. అది బాగా ఆపుతుందని మాత్రం కాదు, అరుదైనదని.

డ్రమ్ము బ్రేకు చెడ్డదని నేననను. తెలివైన యంత్రమే అది. తిరిగే డ్రమ్ము షూను తన వెంట లాక్కుని ఇంకా గట్టిగా అదుముకునేలా చేస్తుంది కాబట్టి, కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేకపోయినా కాలి బలంతోనే బండి ఆగుతుంది. ఒకసారి ఆగుతుంది, రెండోసారీ ఆగుతుంది. వెంటవెంటనే మళ్లీ మళ్లీ తొక్కాల్సి వచ్చినప్పుడు కష్టం మొదలవుతుంది. మనిషితో కలిపి 1400 కిలోలున్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగాలంటే, బ్రేకులు సుమారు 540 కిలోజౌళ్ల శక్తిని వేడిగా మార్చి మింగాలి. లీటరున్నరకు పైగా నీళ్లను మరిగించే వేడి అది, నాలుగైదు సెకన్లలో. వేగం రెట్టింపయితే ఆ వేడి నాలుగింతలు.

డిస్కుకయితే గాలి నేరుగా తగులుతుంది. డ్రమ్ములో వేడి లోపలే ఉండిపోతుంది. కాలిన ఇనుము వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, దాంతో పెడల్ కిందికి దిగుతుంది. లైనింగ్ పట్టు తగ్గితే, ఆ పట్టు మీదే ఆధారపడిన అదుముకునే గుణం కూడా తగ్గుతుంది. అంటే ఘర్షణ కొంచెం పడిపోతే ఆపే బలం అంతకంటే బాగా ఎక్కువ పడిపోతుంది. తిరుమల కొండ దిగే ఘాట్ రోడ్డులో కాలిన లైనింగ్ వాసన పీల్చిన వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఇక వాననీళ్లు డ్రమ్ములోకి పోయాయంటే ఆరేదాకా సరిగా పట్టవు. అదీ నాలుగు చక్రాల్లో నాలుగు రకాలుగా. తొక్కినప్పుడు బండి ఏ పక్కకు లాగుతుందో తొక్కాకే తెలుస్తుంది.

ఇంతకంటే నన్ను భయపెట్టేది ఇంకొకటుంది. 1966 దాకా వచ్చిన మస్టాంగ్‌లో పెడల్ ఒత్తిడిని ఫ్లూయిడ్‌కు అందించే మాస్టర్ సిలిండర్‌కు ఒకటే గది, నాలుగు చక్రాలకూ ఒకటే సర్క్యూట్. ఎక్కడ ఒక్క హోస్ పగిలినా, ఏ ఒక్క వీల్ సిలిండర్ కారిపోయినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1966 సెప్టెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వాహన భద్రతా చట్టం మీద సంతకం చేశారు. ఆ చట్టం కింద వచ్చిన ప్రమాణం 1968 జనవరి నుంచి, ఒక సర్క్యూట్ పోయినా రెండోది ఆపగలిగేలా బ్రేకులు ఉండాలని పట్టుబట్టింది. ఫోర్డ్ 1967 మస్టాంగ్‌కే రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టేసింది. ఒకటే గది ఉన్న 1966 కారును అలాగే ఉంచినవాళ్లకు మీరు నిండు మార్కులు వేస్తున్నారంటే, దాన్ని తయారుచేసిన కంపెనీయే మరుసటి ఏడాదికి వదిలేసిన పద్ధతిని కాపాడినందుకు వేస్తున్నారు.

హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడిన ఒక తమ్ముడు ఈమధ్య 1966 మస్టాంగ్ కొన్నాడు. రంగు అద్దంలా మెరుస్తోంది.  సీటు కవర్ల కుట్టు కూడా ఆనాటి పద్ధతిలోనే ఉంది. నేను ముందు చక్రాలు విప్పి చూస్తే హోస్ పైపులు పగుళ్లు తేలి ఉన్నాయి. ఒక వీల్ సిలిండర్ చుట్టూ చెమ్మ. సస్పెన్షన్ పై చేతుల (కంట్రోల్ ఆర్మ్‌ల) బుష్‌లలో రబ్బరు ఎండి పొడి రాలుతోంది. "ముందు డిస్కులు పెడదాం, మాస్టర్ సిలిండర్ మారుద్దాం" అన్నాను. అతను చాలాసేపు ఆలోచించి, "పెట్టాలనే ఉందన్నా, కానీ వచ్చే వేసవి పోటీలో పెడదామనుకుంటున్నా. మార్కులు పోతాయట కదా" అన్నాడు. ఆ కారులోనే ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఐస్‌క్రీముకు వెళ్తాడు.

అతన్ని తప్పుపట్టలేను. అతనికి ఆ మాట మీ దగ్గర్నుంచే అందింది. మీ మార్కులు ధరను నిర్ణయిస్తాయి, ధర యజమాని చేతుల్ని కట్టేస్తుంది. మార్పులు చేసిన కార్లకు వేరే తరగతులున్నాయని మీరంటారు, ఉన్నాయి. కానీ అక్కడ బరిలో నిలిచేవి కొత్త ఇంజన్లు, కొత్త గేరుబాక్సులు, నేలకు తాకేంత దించిన బాడీలు. బ్రేకులు మాత్రం బాగుచేసుకుని మిగతాదంతా ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచుకున్నవాడికి తరచూ అటూ చోటు దొరకదు, ఇటూ దొరకదు.

మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఈ కార్ల కింద చూసేవాళ్లు మీరు తప్ప ఇంకెవరూ లేరు. మిషిగన్‌లో సొంత కార్లకు ఏటేటా భద్రతా తనిఖీ అంటూ లేదు. పాతికేళ్లు దాటిన కారును సేకరణ వస్తువుగా నమోదు చేయించుకుంటే ప్రదర్శనలకూ, ఊరేగింపులకూ తిప్పుకోవచ్చు. ఆగస్టు నెలలో అయితే చట్టం ఇంకా ఉదారం, ఏ పనికైనా వాడుకోవచ్చు. ఆ ఆగస్టులోనే మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్. 1995లో మొదలైన ఆ పండుగకు నేనూ కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఆ ఇంజన్ల చప్పుడు నాకు ప్రాణం. రోజంతా ఆగుతూ సాగుతూ నడిచే వరసలో కార్ల మధ్య దూరం ఉండదు, రోడ్డు పక్కన పసిపిల్లలు. పాత కారు ముందున్నది తరచుగా ఈ కాలపు ఎస్‌యూవీ. దానికి ఏబీఎస్ ఉంటుంది, 2012 మోడళ్ల నుంచి తప్పనిసరయిన స్టెబిలిటీ కంట్రోల్ ఉంటుంది, వెడల్పాటి రేడియల్ టైర్లుంటాయి. అది గట్టిగా ఆగిందంటే వెనకున్న డ్రమ్ముల కారుకు అంత తక్కువ దూరంలో ఆగడం సాధ్యం కాదు. నడిపేవాళ్లు ఎంత నేర్పరులైనా సరే.

ఇప్పుడు బ్రేకులు మార్చడమంటే ఏమిటో చెబుతాను. పై పూత పనిగా చేసేవాళ్లు కూడా ఉన్నారు, దాన్ని మీరు తప్పుపట్టినా నేను మీ వెంటే ఉంటాను.

ముందుగా చూడాల్సింది డిస్కులు కాదు, టైర్లు. బండిని నేల మీద ఆపేది టైరు. బ్రేకు ఆపేది చక్రాన్ని మాత్రమే. తర్వాత హోస్‌లు, ఇనుప గొట్టాలు. పాత హోస్ పైకి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బిపోతుంది. తొక్కినప్పుడు ఒత్తిడి పోతుంది, వదిలినప్పుడు తిరిగి రాదు, చక్రం పట్టేసుకుంటుంది. మా మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ఇనుప గొట్టాల్ని బయటి నుంచి తినేస్తుంది. ఫ్లూయిడ్ సంగతి సరేసరి. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. గాలిలోని తేమను పీల్చుకున్నాక అది మరిగే వేడి 140కి దిగిపోవచ్చు. ఏళ్ల తరబడి మార్చని ఫ్లూయిడ్ మరిగి ఆవిరయితే పెడల్ మెత్తబడి నేలకు తాకుతుంది. ఇంకొక జాగ్రత్త: పాత షూల లైనింగ్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ము విప్పి కంప్రెసర్ గాలితో దుమ్ము ఊదడం అక్కడున్న అందరి ఊపిరితిత్తులకూ హాని.

డిస్కులు పెట్టేటప్పుడు అసలు పని కనపడని చోట ఉంటుంది. డిస్కుకు తనంతట తాను అదుముకునే గుణం లేదు, కాబట్టి ఎక్కువ ఒత్తిడి కావాలి. పెడల్ దగ్గర మీట పొడవుతో కాలి బలాన్ని ఎంత పెంచుతామన్నది ఒక లెక్క. బూస్టర్ లేకపోతే ఇంచుమించు ఆరింతలు, ఉంటే నాలుగింతలు. మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం తగ్గిస్తే ఒత్తిడి పెరుగుతుంది, పెడల్ ప్రయాణం కూడా పెరుగుతుంది. ఈ రెంటికీ పొత్తు కుదరాలి. డ్రమ్ముల లైన్లలో షూలు మరీ వెనక్కి పోకుండా కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. పాత మాస్టర్ సిలిండర్‌నే ఉంచి డిస్కులు తగిలిస్తే ఆ ఒత్తిడికి ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ, వేడెక్కుతూ ఉంటాయి. వేగం కోసం పెద్ద క్యామ్‌షాఫ్ట్ వేసిన ఇంజన్ ఐడిల్‌లో చాలినంత వాక్యూమ్ ఇవ్వదు, బూస్టర్ ఉన్నా లేనట్టే. పద్నాలుగు అంగుళాల పాత స్టీలు చక్రం చాలావరకు కొత్త క్యాలిపర్‌కు తగులుతుంది. ఇవి చూసుకోకుండా ఎర్రరంగు క్యాలిపర్లు బిగించి చక్రాల సందుల్లోంచి కనిపించేలా పెట్టుకున్న కారు, మంచి డ్రమ్ములున్న కారుకంటే ప్రమాదం.

వెనక బ్రేకుల దగ్గర ఇంకొంచెం ఆగాలి. గట్టిగా తొక్కినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది. ముందు ఇనుప వి8 మోసే కారులో ఆపే పనిలో డెబ్బై శాతం దాకా ముందు చక్రాలదే. వెనక చక్రాల మీద బరువు తేలిపోతుంది కాబట్టి అవి ముందే లాక్ అయితే బండి గిర్రున తిరుగుతుంది. ముందు లాక్ అయితే తిన్నగా జారుతుంది. అదీ మంచిది కాదు గానీ, తిరగడం కంటే నయం. అందుకే వెనకకు వెళ్లే ఒత్తిడిని అదుపు చేసే ప్రొపోర్షనింగ్ వాల్వు పెట్టి, ఖాళీ పార్కింగ్ స్థలంలో కొంచెం కొంచెంగా వేగం పెంచుతూ సరిచూసుకోవాలి. వీధిలో తిరిగే కారుకు వెనక డ్రమ్ములు ఉంచుకున్నా నాకు అభ్యంతరం లేదు.

సస్పెన్షన్‌ను బ్రేకుల నుంచి విడదీసి మాట్లాడేవాళ్లంటే నాకు నిజంగా బాధ. మస్టాంగ్ ముందు చక్రం కింది చేతిని ముందువైపు నుంచి పట్టి ఉంచేది ఒక స్ట్రట్ రాడ్డు, దాని చివర రబ్బరు బుష్‌లు. అవి మెత్తబడితే బ్రేకు తొక్కిన ప్రతిసారీ చక్రం వెనక్కి జరుగుతుంది. రెండు వైపులా ఒకేలా జరగదు. స్టీరింగ్ ఒక పక్కకు గుంజుతుంది. యజమాని బ్రేకును తిట్టుకుంటాడు, తప్పేమో ఎండిన రబ్బరుది. వెనక కమాన్ పట్టీలు అలిసిపోతే ఆగేటప్పుడు యాక్సిల్ మెలితిరిగి టైరు నేల మీద తపతపా ఎగురుతుంది. ఎగిరే టైరు బండిని ఆపలేదు. 1967 కమారోకు ఒంటి పట్టీ స్ప్రింగులిచ్చి షెవ్రొలేవాళ్లు ఇలాంటి ఎగురుడే చూశారు. 1968కి షాక్ అబ్జార్బర్లను ఒకటి యాక్సిల్‌కు ముందు, ఒకటి వెనక అమర్చి, పెద్ద ఇంజన్లకు ఎక్కువ పట్టీలిచ్చి సరిదిద్దారు. మజిల్ కారు సస్పెన్షన్ బాగుచేయడమంటే స్ప్రింగుల్ని రాయిలా బిగించడం కాదు. మంచి షాకులు, కొత్త బుష్‌లు, కొత్త బాల్ జాయింట్లు, రేడియల్ టైర్లకు తగిన అలైన్‌మెంట్ చాలు. ఆనాటి అలైన్‌మెంట్ అంకెలు ఆనాటి బయాస్ టైర్లకోసం రాసినవి. అవే ఇప్పుడు పెడితే ముక్కు తేలిపోతుంది.

మీరు కాపాడుతున్న అసలుతనం అనే దాన్ని ఒకసారి వాళ్ల దృష్టితో చూడండి, ఈ కార్లను మొదట కట్టినవాళ్ల దృష్టితో. ఫోర్డ్‌లో క్లాస్ ఆర్నింగ్ అనే సస్పెన్షన్ ఇంజనీరు లెక్కకట్టాడు: మస్టాంగ్ పై చేతి బిగింపును ఒక అంగుళం కిందికి దించితే మలుపులో టైరు నేలను ఇంకా బాగా పట్టుకుంటుందని. 1965లో క్యారల్ షెల్బీ, మస్టాంగ్‌ను మార్చి కట్టిన జీటీ350లో ఆ అంగుళమే దించాడు. కోని షాకులు, లావుపాటి స్వే బార్ వేశాడు. ముందు కెల్సీ-హేస్ డిస్కులు, వెనక పెద్ద స్టేషన్ వ్యాగన్ల నుంచి తెచ్చిన వెడల్పు డ్రమ్ములు పెట్టాడు. షాకుల పై కొసలు బిగించే రెండు షాక్ టవర్లనూ కలిపి పట్టేందుకు అతను వేసిన ఎక్స్‌పోర్ట్ బ్రేస్ ఫోర్డ్ సొంత విడిభాగమే. ఇక బుల్లిట్ సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన 1968 మస్టాంగ్ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. 2020 జనవరిలో దాని వేలం పాట 34 లక్షల డాలర్ల దాకా వెళ్లింది. శాన్ ఫ్రాన్సిస్కో కొండల మీద దూకించేముందు మాక్స్ బాల్కౌస్కీ అనే రేసు మెకానిక్ ఆ సినిమా కార్ల సస్పెన్షన్‌ను గట్టిపరిచాడు. ఆ మార్పు ఆ కారు చరిత్రలో భాగమైంది తప్ప, విలువను తగ్గించలేదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. రంధ్రం పొడవకుండా, లోహం కోయకుండా బోల్టులతో బిగించిన ముందు డిస్కులు, రెండు గదుల మాస్టర్ సిలిండర్ ఉంటే, విప్పిన పాత భాగాలను యజమాని పెట్టెలో భద్రంగా తెచ్చి చూపిస్తే, మార్కులు తగ్గించకండి. ఆ పాత భాగాలను బల్ల మీద చూసి మార్కులు వేయండి. కొత్త హోస్, కొత్త టైరు ఉంటే ముద్ర కలవలేదని కోత పెట్టకండి. పగిలిన హోస్, గట్టిపడిన టైరు ఉంటే కోత పెట్టండి. షాక్ టవర్లు కోసేసి కొత్త ముందు సస్పెన్షన్ అతికించిన కారుకు మార్కులు తగ్గిస్తే తగ్గించండి. అది తిరిగి రాని నష్టం, అందులో మీతో ఏకీభవిస్తాను.

చివరిది: కారును ట్రైలర్ మీంచి దించి గడ్డి మీద నిలబెట్టడంతో పరీక్ష ముగియకూడదు. కార్వెట్ పునరుద్ధరణ సంఘంవారు పనితీరు పరీక్షలో కారును రోడ్డు మీద నడిపించి చూస్తున్నారు. మస్టాంగ్‌కూ, కమారోకూ, జీటీవోకూ అంతకంటే చిన్న పరీక్ష చాలు. మైదానం గేటు దగ్గర రెండు కోన్లు పెట్టండి. మెల్లటి వేగంతో వచ్చి, తిన్నగా, ఒక పక్కకు లాగకుండా, పెడల్ నేలకు దిగకుండా ఆగిందా లేదా చూడండి. మళ్లీ రమ్మనండి, మళ్లీ చూడండి. మీ కాగితంలో దానికి ఒక గడి గీయండి. వచ్చే వేసవి పోటీల నియమావళి అచ్చుకు వెళ్లేముందే ఈ గడి అందులో చేరితే, ఆ తమ్ముడి కారుకు డిస్కులు బిగించే పని నేను ఈ చలికాలమే మొదలుపెడతాను.

భవదీయుడు,
ఒక బ్రేకుల ఇంజనీరు
ట్రాయ్, మిషిగన్